బాణం లోపలి సంప్రదాయం

శుభవార్త వచ్చేసరికి హైమ పెనం మీద అట్టు తిప్పబోతోంది. ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టుకున్న ఫోను టింగుమంది. అది చదివి, అట్లకాడ పైకెత్తి, ఇల్లంతా అదిరేలా ఒక్క కేక పెట్టింది.

"అత్తయ్యా! శుభవార్త!"

దేవుడి గదిలో వత్తులు చేసుకుంటున్న కామేశ్వరమ్మ గారు దూది చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. పెళ్లయి మూడు నెలలు కాలేదు. కోడలు శుభవార్త అని అరిస్తే ఏ అత్తగారికైనా తోచేది ఒకటే. ఆవిడ వస్తూ వస్తూ పంచదార డబ్బా అందుకుని మూత కూడా తీసేసింది.

"నిజమేనా నా తల్లీ! ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే. కార్బన్, అత్తయ్యా! కార్బన్!"

ఆవిడ ముఖం కాస్త చిన్నబోయింది. "అప్పుడే పేరు కూడా పెట్టేసుకున్నారా? మీ మావగారి పేరు కలుస్తుందనుకున్నాను."

సగం గీసిన గడ్డంతో ప్రభంజన్ స్నానాల గదిలోంచి తొంగిచూశాడు. ఫోను చదివాడు. చదివి, నురగ ముఖంతోనే పెళ్లాన్ని వాటేసుకుని గిర్రున తిప్పాడు. అసలు సంగతి బోధపడ్డాక కామేశ్వరమ్మ గారు, తీసిన డబ్బా ఎలాగూ తీశాను కదా అని ముగ్గురి నోళ్లలోనూ తలా కాస్త పంచదార పోసింది. పెనం మీద అట్టు మాడి, బొగ్గయి ఊరుకుంది. అది కూడా ఒక రకం కార్బనే కదా అని హైమ దాన్ని చూసి మళ్లీ నవ్వింది.

హైమ విలుకత్తె. గురి చూపే అద్దాలూ, బరువు తగ్గించే చక్రాలూ ఏమీ లేని ఉత్త చెక్క విల్లుతో బాణం వేస్తుంది. ఆ రకం పోటీల్ని నడిపేది సంప్రదాయ విలువిద్యా పరిరక్షణ మండలి. మండలి వారు ఇన్నాళ్లూ వెదురు బాణాలు తప్ప మరొకటి ముట్టనివ్వలేదు. వెదురు బాణాలతో వచ్చిన చిక్కేమిటంటే, వాన పడితే ఉబ్బుతాయి, ఎండ కాస్తే వంగుతాయి, అంబులపొదిలో ఉన్న ప్రతి బాణానికీ సొంత అభిప్రాయం ఉంటుంది. ఆ అభిప్రాయ భేదాల వల్లనే హైమకు రాష్ట్ర జట్టులో చోటు రెండుసార్లు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఈ ఏడాది దాటితే ఆ జట్టుకు ఆమె వయసు మీరిపోతుంది. కాబట్టి వచ్చే ఆదివారం జరిగే ఎంపిక పోటీయే ఆఖరి అవకాశం. సరిగ్గా ఇలాంటి సమయంలో మండలి కార్యదర్శి ముక్తేశ్వరరావు గారు పంపిన సందేశం అది: "కార్బన్ బాణములు అనుమతించడమైనది."

ప్రభంజన్ బాణం వేయలేడు. ఒకసారి వేస్తే అది పక్క మైదానంలో క్రికెట్ ఆడుతున్న వాళ్ల దగ్గరికి పోయింది, వాళ్లు దాన్ని వైడ్ అన్నారు. అతను ఒక నర్సింగ్ హోములో ఎక్స్‌రే టెక్నీషియన్. హైమకు చిన్నప్పుడు సైకిలు మీంచి పడి మోచేయి విరిగితే స్టీలు పిన్నులు పెట్టి, తీగ చుట్టి బిగించారు. నిరుడు ఆ చేయి నొప్పెడుతోందని ఆమె నర్సింగ్ హోముకు వెళ్లింది. అతను ముందు ఆమె మోచేయి చూశాడు, ఆ తర్వాత ముఖం చూశాడు. "ఇంత చక్కగా అతుక్కున్న ఎముకని నేనింతవరకూ చూడలేదండీ" అన్నాడు. ఆడపిల్లల్ని ఇంకా రకరకాలుగా పొగిడేవాళ్లున్నారు గానీ, హైమకు ఇదే నచ్చింది.

అన్నట్టు ప్రభంజన్‌కి ఇంకో లక్షణం ఉంది. పేషెంట్ల సంగతులు చచ్చినా బయటపెట్టడు. కాకపోతే, చెప్పకూడనిది నోటిదాకా వచ్చినప్పుడు అతని చెవులు ఎర్రబడతాయి.

*

కార్బన్ బాణం కాడ లోపల బోలుగా ఉంటుంది, కొబ్బరి బోండాంలో వేసుకునే స్ట్రాలాగ. దాని మూతిలో చిటికెన వేలి కణుపంత లోహపు ముక్కని బయటికి కనబడకుండా లోపలికంటా దూర్చి అతికించాలి. దాన్ని ఇన్సర్టు అంటారు. దాని లోపల మరలు ఉంటాయి, ములుకుని ఆ మరల్లోకి తిప్పి బిగిస్తారు. చూడ్డానికి ఇంతే. కానీ బాణం బుద్ధిగా పోతుందా, తోక ఆడిస్తూ పోతుందా అన్నది చాలావరకు ఆ ముక్క బరువు మీద ఉంటుంది.

మొగుడూ పెళ్లాలు తెల్లవారగానే మైదానానికి వెళ్లి, మూడు రకాలు బిగించి, ఈకలు కట్టని బాణాలతో పరీక్ష పెట్టారు. ఈకలుంటే అవి బాణం తప్పుల్ని కప్పిపుచ్చుతాయి, ఈకలు లేకపోతే నిజం బయటపడుతుంది. అల్యూమినియం ఇన్సర్టు తేలిక, దానితో బాణం ఎడమకు జరిగి గుచ్చుకుంది. పొడుగు ఇత్తడిది మరీ బరువు, అది కుడికి వాలి, కిందికి దిగింది. పొట్టి ఇత్తడిది పెట్టి వదిలారు. బాణం చడీచప్పుడు లేకుండా వెళ్లి, గురి నడుమ నిటారుగా నిలబడింది. హైమ విల్లు కింద పెట్టి, ఎవరూ లేరు కదా అని రెండు గంతులు వేసింది. నిజానికి గోడవతల పాలు తీసుకెళుతున్న ఒకాయన ఉన్నాడు. ఆయన ఏమీ అనుకోకుండా వెళ్లిపోయాడు.

అతికించడం ఇంట్లో, వంటింటి అరుగు మీద. కాడ లోపలి దుమ్ము తుడవడానికి సన్నటి బ్రష్షు కావాలంటే కామేశ్వరమ్మ గారు పుల్లకి వత్తి చుట్టి ఇచ్చింది. ప్రభంజన్ దాన్ని స్పిరిట్‌లో ముంచి, చెవి శుభ్రం చేసినంత మెల్లిగా తుడిచాడు. హైమ ఇత్తడి ముక్కల్ని శాండ్‌పేపరుతో గరుకు చేసింది. రెండు ట్యూబుల జిగురు సమానంగా కలిపి, ఇన్సర్టుకి పూసి, మెల్లిగా తిప్పుతూ దూర్చారు. తిప్పకుండా తోస్తే జిగురంతా ఒక పక్కే చేరుతుంది. తర్వాత బాణాల్ని మూతి కిందికి ఉండేలా గ్లాసుల్లో నిలబెట్టారు. ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ దానికే పోయాయి. ఆ పూట ముగ్గురూ కాఫీ గిన్నెల్లో తాగారు.

"జిగురు ఆరేదాకా ముట్టుకోకూడదుట" అని ప్రభంజన్ తల్లికి చెప్పాడు.

"మీ ఇద్దరికీ ఆ మాట చెప్పేవాళ్లెవరూ లేరు" అని ఆవిడ గిన్నెలోంచి ఒక గుటక వేసింది.

*

మర్నాడు మండలి నుంచి సవరణ వచ్చింది. "బాణము వెలుపల ఆధునికమైనందున, సంప్రదాయము దాని లోపల ఉండవలెనని మండలి ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. కావున ఇన్సర్టు మన పూర్వీకులు ఎరిగిన లోహముతోనే ఉండవలెను. అల్యూమినియము, స్టీలు నిషిద్ధము. ఇత్తడి శ్రేష్ఠము. బాణములను కార్యాలయమున చూపించి ధ్రువీకరించుకొనవలెను."

"ఇత్తడి!" అని హైమ ఎగిరింది. "చూశారా, మనం ఎంచుకున్నదే!"

మండలి కార్యాలయం మేడ మీద ఉంది. వాళ్లు మెట్లెక్కేటప్పటికి ముక్తేశ్వరరావు గారు కూడా ఎక్కుతున్నారు. ప్రతి మెట్టుకీ ఎడమ కాలు ముందు పెట్టి, కుడి కాలు దాని పక్కకి తెచ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఎడమ కాలు. సగంలో తొడ నిమురుకుని, "రేపు వాన పడు సూచనలు కలవు" అన్నారు. వెనక్కి తిరిగి ప్రభంజన్‌ని చూసి, వెంటనే పైకప్పు చూశారు. ప్రభంజన్ కూడా పైకప్పే చూశాడు. పైకప్పులో చూడదగ్గదేమీ లేదు. హైమ మాత్రం మొగుడి చెవులు చూసింది.

లోపల వాచస్పతి గారు కూర్చుని ఉన్నారు. ఆయన మండలికి సాంస్కృతిక సలహాదారు. ఏ విషయమైనా మొదలుపెడితే చివరిదాకా పోకుండా ఊరుకోని మనిషి. ఆయన ఒక బాణం తీసుకుని, కంటి దగ్గర పెట్టుకుని, మూతిలోకి చూశారు.

"ఇత్తడి ఎక్కడ?"

"లోపలుందండీ. అతికించేశాం" అంది హైమ.

"కనబడని సంప్రదాయాన్ని మండలి ఎలా గుర్తించగలదమ్మా?" అన్నారు కార్యదర్శి గారు. "పీకి చూపించండి."

"పీకాలంటే వేడి చేయాలండీ. వేడి తగిలితే కార్బన్ పొర లేచిపోతుంది."

"అట్లయితే అతికించనివి తెండి."

హైమ సంచీలోంచి అతికించని ఇన్సర్టూ, ఉత్త కాడా తీసి బల్ల మీద పెట్టింది. ఇలాంటిదేదో వస్తుందని ప్రభంజన్ ముందే సర్దాడు. కార్యదర్శి గారు ఇన్సర్టు చూసి తృప్తిగా తలూపారు. ఆ తర్వాత కాడ చూసి తల అడ్డంగా ఊపారు.

"ఇది బాణము కాదు. విడిభాగములు. మండలి బాణములను మాత్రమే ధ్రువీకరించును."

"అతికిస్తే బాణం అవుతుందండీ."

"అతికిస్తే కనబడదు."

"మరైతే..."

"అతికి ఉండవలెను, కనబడుచుండవలెను. నియమము సుస్పష్టముగా ఉన్నది" అన్నారు కార్యదర్శి గారు.

వాచస్పతి గారికి ఉత్సాహం వచ్చింది. "కాడకి చిన్న కిటికీ తీయించమ్మా. దర్శనానికి."

"తీయిస్తే బాణం వదిలినప్పుడు అక్కడే చీలిపోతుందండీ. పేడు విల్లు పట్టిన చేతిలోకి దిగుతుంది."

"దర్శనమంటే కొంత త్యాగం ఉంటుంది మరి" అన్నారు వాచస్పతి గారు, త్యాగం చేయవలసిన చేయి తనది కాదు కనుక ఎంతో ప్రసన్నంగా.

వాళ్ల వెనక వరసలో కానిస్టేబుల్ నూకరాజు ఉన్నాడు. అతనూ పోటీకి వచ్చినవాడే. "సార్, మా ఇంటిదాని కడుపులో పిల్లాడున్నాడని డాక్టరమ్మ కిటికీ తియ్యకుండానే చెప్పింది సార్" అన్నాడు.

ప్రభంజన్ ఒక్కసారి నూకరాజు వైపు తిరిగాడు. తర్వాత బాణం వైపు తిరిగాడు. పెళ్లి చూపుల్లో కూడా అతని ముఖం అంతగా వెలగలేదని హైమ తర్వాత చాలాసార్లు అంది.

*

కార్బన్ గుండా ఎక్స్‌రే దాదాపు అడ్డు లేకుండా పోతుంది. ఇత్తడి దగ్గర ఆగుతుంది. మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ డాక్టరు గారిని అడిగి, హైమ బాణాల్ని బల్ల మీద వరసగా పడుకోబెట్టి ప్రభంజన్ ఒకే ఒక్క ఫిల్ము తీశాడు. కాడలు పొగమంచులో తీగల్లాగ లీలగా ఉన్నాయి. ప్రతి దాని కొసనా ఇత్తడి ముక్క తెల్లగా, ముత్యంలాగ మెరుస్తోంది. మరలు కూడా కనిపిస్తున్నాయి.

"ఎంత బావున్నాయో!" అంది హైమ. "హాల్లో ఫ్రేము కట్టించుకుందామా?"

"మన పెళ్లి ఫోటో పక్కన" అన్నాడు ప్రభంజన్. అతను హాస్యానికి అనలేదు.

మండలి వారు ఆ ఫిల్ముని కిటికీ వెలుగులో పెట్టి చూశారు. ఒక్కొక్కరే చూశారు, తర్వాత అందరూ కలిసి చూశారు. వాచస్పతి గారు ఫిల్ముని కళ్లకద్దుకున్నారు. "లోపలి సంప్రదాయం ఇన్నాళ్లకి కంటికి కనిపించింది" అన్నారు. ఆ పూటే ఉత్తర్వు వెలువడింది: "పోటీదారులందరు తమ బాణములకు ఎక్స్‌రే తీయించి సమర్పించవలెను."

ఊళ్లో కొత్త సరదా పుట్టింది. నర్సింగ్ హోము వరండాలో కాళ్లు విరిగినవాళ్ల మధ్య బాణాలు పట్టుకున్నవాళ్లు కూర్చున్నారు. నర్సు వచ్చి, "పేషెంటు పేరు?" అంటే నూకరాజు బాణం చూపించి, "ఇంకా పెట్టలేదమ్మా" అన్నాడు. ఎవరింట్లో ఫిల్ము వాళ్లింట్లో కిటికీకి వేలాడింది. వీధిలో పిల్లలు బలపాలకి కూడా ఎక్స్‌రే కావాలన్నారు.

అంతటితో ఆగితే అది మండలి ఎందుకవుతుంది? వాచస్పతి గారు సమావేశంలో లేచి నిలబడ్డారు. "అయ్యా, బాణం లోపల సంప్రదాయం ఉంది, సంతోషం. మరి బాణాన్ని వేసేవాడి లోపల? అసలు బాణానికి ప్రాణం పోసేది చేయి కదా. చేతిలో అన్యలోహం ఉంటే బాణంలో ఇత్తడి ఉండి ఏం లాభం?"

దీనికి ఎదురు చెప్పాలంటే మొదటి నియమానికే ఎదురు చెప్పాలి. ఎవరూ చెప్పలేదు. ముక్తేశ్వరరావు గారు తొడ నిమురుకుంటూ, "విషయము పరిశీలనార్హము" అన్నారు. ఆయన ఏ విషయాన్నయినా అలాగే అంటారు కనుక అది ఆమోదమైపోయింది.

ప్రభంజన్ మాత్రం అడ్డం తిరిగాడు. "అవసరం లేకుండా మనిషికి ఎక్స్‌రే తీయకూడదండీ. నేను తీయను" అని మండలి వారి ముఖం మీదే చెప్పి వచ్చాడు. అంత మెత్తటి మనిషి అంత గట్టిగా చెప్పాడని విని హైమ ఆ సాయంత్రం అతనికి ఇష్టమని కాకరకాయ వేపుడు చేసింది. కానీ ఆమె మోచేతిలో ఏముందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"నా ఎక్స్‌రే వల్లే కదూ ఇదంతా?" అన్నాడు ప్రభంజన్ చివరికి.

"మీ ఎక్స్‌రే లేకపోతే నాకు మీరే లేరు" అంది హైమ. "వేపుడు మొత్తం మీరే తినేయకండి, అత్తయ్యకి ఉంచండి."

*

శనివారం మధ్యాహ్నం, అంటే పోటీకి ముందు రోజు, మైదానంలో విలుకాండ్ర పరిశీలన పెట్టారు. ఎక్స్‌రే లేదు కనుక వాచస్పతి గారు సినిమా హాలు గేటు దగ్గర సంచులు తడిమే లోహపు కర్ర ఒకటి అరువు తెచ్చారు. లోహం తగిలితే అది కూయ్‌మని అరుస్తుంది. మంత్రదండం పట్టుకున్నంత ఒద్దికగా ఆయన దాన్ని పట్టుకున్నారు.

ముందు ఒంటి మీద వస్తువులన్నీ తీసి పళ్లెంలో పెట్టాలి. మంగళసూత్రం దగ్గర చిన్న చర్చ జరిగింది, అది బంగారం కనుక, బయటిది కనుక, ఉండవచ్చునన్నారు. మెట్టెల దగ్గర కర్ర అరిచింది. "వెండి. ఆదర్శప్రాయం" అని వాచస్పతి గారు మెచ్చుకున్నారు. నూకరాజు పళ్ల దగ్గర అరిచింది. పన్నులో సిమెంటు కింద వెండి ఉందన్నాడు అతను, దాన్నీ మెచ్చుకున్నారు.

కర్ర హైమ కుడి మోచేతి మీదికి వచ్చింది.

"కూయ్."

వాచస్పతి గారు వెనక్కి తీసి మళ్లీ పెట్టారు. "కూయ్." మూడోసారి దగ్గరికి తెచ్చేలోపే అరిచింది.

"ఇదేమిటమ్మా?"

"చిన్నప్పుడు చేయి విరిగిందండీ. పిన్నులు వేశారు."

"ఏ లోహము?" అన్నారు కార్యదర్శి గారు కుర్చీలోంచి.

అబద్ధమాడదామా అని హైమకు ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ మోచేయి వల్లనే తనకి పెళ్లయింది, దాని గురించి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "స్టీలండీ" అంది.

మండలి వారు తలలు దగ్గరికి చేర్చి గుసగుసలాడారు. తర్వాత ముక్తేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "పోటీదారు దేహమున అనుమతి లేని ఇన్సర్టు ఉన్నట్లు తేలినది. కావున పోటీకి అనర్హురాలు. అయితే మండలి దయగలది. మీ మోచేతి ఇన్సర్టును రేపు ఉదయములోగా ఇత్తడిదిగా మార్పించుకొని వచ్చినచో పునఃపరిశీలించబడును."

మైదానంలో ఒక్కరూ నవ్వలేదు. అదే ఆశ్చర్యం. హైమకు ఏడుపు వచ్చినంత పనయింది. రెండేళ్లు వెదురు ఓడించింది, ఇప్పుడు తన చేయే తనను ఓడిస్తోంది. నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందో తెలియకుండానే తెరిచింది. బయటికొచ్చింది ఇదీ:

"ఇత్తడిది పెట్టిస్తే ముందువైపు బరువు పెరిగి చేయి కుడికి వాలుతుందండీ. పొట్టిది దొరుకుతుందేమో కనుక్కుంటాను."

"మంచిది" అన్నారు కార్యదర్శి గారు గంభీరంగా.

అప్పుడామె మొగుడి కోసం చూసింది. ప్రభంజన్ కంచె అవతల నిలబడి ఉన్నాడు. అతను హైమను చూడటం లేదు. కుర్చీలోంచి లేవబోతూ ఎడమ కాలు ముందు పెట్టి, కుడి కాలుని పక్కకి తెచ్చుకుంటున్న ముక్తేశ్వరరావు గారిని చూస్తున్నాడు. చూసి, ఆకాశం వైపు చూశాడు. చెవులు దానిమ్మ గింజల్లా ఉన్నాయి.

హైమకు మేడ మెట్లు గుర్తొచ్చాయి. వాన సూచనలు గుర్తొచ్చాయి. కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఆమె ముఖంలోకి వచ్చిన అమాయకత్వాన్ని కామేశ్వరమ్మ గారు చూసి ఉంటే, వెంటనే పంచదార డబ్బా దాచేసి ఉండేది.

"వాచస్పతి గారూ, తెలియక అడుగుతున్నాను. రేపు పోటీ మొదలుపెట్టే తొలి బాణం ఎవరు వేస్తారండీ?"

"ఇంకెవరమ్మా? ఏటా కార్యదర్శి గారే. అది వారికి దక్కిన గౌరవం."

"తొలి బాణం వేసేవారు విలుకాడు అవుతారా, అవరా అండీ?"

వాచస్పతి గారిని ఇంతకంటే సంతోషపెట్టే ప్రశ్న లోకంలో లేదు. ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. "విల్లు పట్టి, నారి లాగి, బాణం వదిలినవాడు విలుకాడే. అందులోనూ తొలి బాణమంటే పోటీకంతటికీ మూలం. మూలమే శుద్ధంగా లేకపోతే..." అంటూ కర్ర పట్టుకుని కార్యదర్శి గారి వైపు నడిచారు.

"నేను ప్రారంభకుడను. పోటీదారును కాను" అన్నారు ముక్తేశ్వరరావు గారు, ఒక అడుగు వెనక్కి వేసి.

"అందుకే మరింత ఆదర్శంగా ఉండాలి" అన్నారు వాచస్పతి గారు. ఆయనకు ఎవరి మీదా కోపం లేదు. ఆయనకు చివరిదాకా పోవడం ఒక్కటే వచ్చు.

"కూయ్."

కర్ర కుడి తొడ దగ్గర అరిచింది. జేబులో తాళాలున్నాయన్నారు కార్యదర్శి గారు. తాళాలు పళ్లెంలో పడ్డాయి. "కూయ్." వక్కపొడి డబ్బా పళ్లెంలో పడింది. "కూయ్." రెండు పెన్నులు, చేతి గడియారం, కళ్లద్దాల పెట్టె, చివరికి నడుముకున్న బెల్టు. బెల్టు తీసేసరికి కార్యదర్శి గారు ఒక చేత్తో ప్యాంటు పట్టుకోవలసి వచ్చింది. కర్ర తుంటి నుంచి మోకాలి దాకా ఆపకుండా కూస్తూనే ఉంది, పొలిమేర దాటుతున్న రైలులాగ.

"సార్ లోపల చాలా పొడుగుది ఉన్నట్టుంది సార్" అన్నాడు నూకరాజు భక్తిగా.

ముక్తేశ్వరరావు గారు కంచె వైపు చూశారు. ప్రభంజన్ తల వంచుకుని అన్నాడు: "పేషెంట్ల సంగతులు మేం ఎవరికీ చెప్పమండీ. లోపలున్నది ఎవరిది వాళ్లకే తెలియాలి."

నూకరాజు ముందు నవ్వాడు. వెనక ఎవరో నవ్వారు. నవ్వు వరస పొడుగునా పాకి, మండలి సభ్యుల కుర్చీల దాకా వచ్చి, అక్కడ దగ్గుగా మారింది. కార్యదర్శి గారు ప్యాంటు పట్టుకునే నిలబడి, హైమ వైపు చూశారు. ఆమె మోచేయి వైపు చూశారు. ఉన్నట్టుండి ఆయన గొంతులోంచి ఉత్తర్వు భాష జారిపోయింది.

"వానాకాలం నొప్పెడుతుందామ్మా నీకు?"

"పొద్దున పూట కొంచెమండీ. మీకు?"

"మెట్ల దగ్గర" అన్నారాయన. తర్వాత ఎవరో బెల్టు అందించారు. బెల్టుతో పాటే ఉత్తర్వు భాషా తిరిగొచ్చింది.

"రాసుకొనుడు" అని ఆయన గుమాస్తాతో అన్నారు. "బాణము లోపలి అంశములు బాణమునకు, మనిషి లోపలి అంశములు మనిషికి సంబంధించినవని మండలి గుర్తించడమైనది. ఇకపై లోపలి పరిశీలనలు అన్నియు రద్దు. పోటీదారులందరు అర్హులే. బాణము ఎక్కడ దిగినదో అది మాత్రమే చూడబడును."

వాచస్పతి గారు కర్ర వంక దిగులుగా చూశారు. "మరి ఇంక సంప్రదాయం ఎక్కడుంటుందండీ?"

"విల్లు పట్టుకున్నప్పుడు కనబడును" అన్నారు కార్యదర్శి గారు. అది కూడా రాసుకోబోయిన గుమాస్తాను ఆయనే ఆపారు.

*

ఇంటికొచ్చేసరికి కామేశ్వరమ్మ గారు గుమ్మంలోనే నిలబడి ఉంది. కొడుకు ముఖం చూసింది, కోడలి ముఖం చూసింది. చెవులూ కళ్లూ అన్నీ మామూలుగా ఉన్నాయి.

"ఏమైంది? ఆ చెయ్యి మార్పించుకు రమ్మన్నారటగా? నూకరాజు పెళ్లాం ఫోను చేసి చెప్పింది. నేనేమో ఇత్తడి సామాను కొట్టుకి వెళదామా అని చూస్తున్నా."

హైమ ఆవిడను వాటేసుకుని, నిలబడ్డ చోటే తిప్పింది. కిటికీకి వేలాడుతున్న ఫిల్ములో బాణాలన్నీ సాయంత్రపు వెలుగులో మెరుస్తున్నాయి. ప్రభంజన్ వంటింట్లోకి వెళ్లి మళ్లీ గ్లాసుల్లోకే చేరిన ఆ బాణాల్ని ఒక్కొక్కటిగా తీసి, ములుకులు బిగించి, అరచేతి మీద గిర్రున తిప్పి చూస్తున్నాడు. ఏదీ వణకడం లేదు.

"రేపు పొద్దున ఏడింటికి మైదానంలో ఉండాలి అత్తయ్యా, మీరూ రావాలి" అంది హైమ. "తొలి బాణం సెక్రటరీ గారిది. రెండోది నాది."